రెండో జోను, పెరటి తలుపు

ధవళేశ్వరం,
9 జూలై 2024

భాస్కరానికి,

నువ్వు వచ్చి ఇంటికి అలారం బిగించి వెళ్లి పది రోజులైంది. ఈ పది రోజుల్లో అది ఇరవైసార్లయినా మోగి ఉంటుందని పక్కింటి ఉషారాణి చెప్పింది. మోత నాకు వినపడదు కదా. వంటింట్లో నువ్వు పెట్టిన ఎర్రలైటు తిరుగుతుంది, నేను చేతిలోది వదిలేసి పరిగెడతాను. వెళ్లి చూస్తే మీ బావగారు హాల్లో కుర్చీలోనే ఉంటారు. "ఏంటీ కంగారు?" అని నన్నే అడుగుతారు. నిన్న పులుసు మాడిపోయింది.

ఫోను చెయ్యలేదేమని అనుకోకు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవికి మిషను పెట్టుకున్నా ఫోనులో మాట గులకరాళ్లు దొర్లినట్టుంటుంది. మెసేజీలు పెట్టుకునే ఫోనుని ఆయన మొన్న నీళ్లడ్రమ్ములో వేశారు. ఏం చేస్తున్నారంటే "మట్టం చూస్తున్నా" అన్నారు. ఇంకోటి కొని పంపకు, అదీ అందులోకే పోతుంది. ఇంటి సంగతులు ఉషారాణి ఫోనులో పెట్టడం నాకిష్టం లేదు. అందుకని ఉత్తరం.

కాలువ లాకుల సూపరింటెండెంటుగా రిటైరై పదమూడేళ్లయినా పొద్దున్నే ప్యాంటు తొడుక్కుని డ్యూటీకి బయల్దేరుతున్నారు. జూన్‌లో తప్పిపోయి బ్యారేజీ మీద దొరికినప్పటి నుంచీ నాకు గుండె దడ తగ్గలేదు. నువ్వు పెట్టినది మంచికేనని తెలుసు. కాస్త దాన్ని తగ్గి మోగమని చెప్పు.

ఆ రోజు పని కాగానే వెళ్లిపోయావు. నీకోసం చేసిన పనసపొట్టు కూర రెండు పూటలు నేనే తిన్నాను. ప్రసన్ననీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

అక్క
దేవకుమారి

*

విశాఖపట్నం,
17 జూలై 2024

అక్కయ్యకి,

భాస్కరం నమస్కారాలు. నేను ఉత్తరం రాసి పాతికేళ్లయి ఉంటుంది. దస్తూరీ చూసి నవ్వకు, నీ ముందు కూర్చుని కాపీ రాసినప్పటి కన్నా బాగుపడలేదు.

అలారం తప్పు కాదక్కా, మీట తప్పు. మళ్లీ చెప్తాను, ఈ కాగితం కీప్యాడ్ పక్కన అంటించుకో. ఇంటిని అయిదు చోట్లుగా విడగొట్టాను. ఒక్కో చోటు ఒక్కో జోను. ఒకటి వీధి తలుపు, రెండు పెరటి తలుపు, మూడు హాలు, నాలుగు వీధి గేటు. హాల్లో మూల పైన తెల్లగా ఉన్నది మనిషి కదిలితే పసిగడుతుంది. అయిదోది వంటింట్లో గ్యాసుకి, దాని జోలికి నువ్వు వెళ్లక్కర్లేదు.

నువ్వు 'అవే' నొక్కుతున్నావు. అది ఇంట్లో ఎవరూ లేనప్పటికి. అది నొక్కితే హాల్లో బావగారు కాలు కదిపినా మోగుతుంది. మీరిద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు 'స్టే' నొక్కాలి. అప్పుడది హాలు వదిలేసి తలుపులూ గేటూ మాత్రమే చూసుకుంటుంది. పెరట్లో బట్టలు ఆరేసుకునేటప్పుడు 'బైపాస్' నొక్కి రెండు నొక్కు. పెరటి తలుపు ఒక్కటీ కాపలాలోంచి తప్పుకుంటుంది. లోపలికొచ్చాక మళ్లీ అలాగే నొక్కితే కలుస్తుంది.

ఇంకో మాట. చిట్టియ్యని కొన్నాళ్లు రావద్దని చెప్పు. అతనొచ్చి లాకుల కబుర్లు చెప్పి వెళ్లిన మర్నాడే బావగారు బ్యారేజీకి వెళ్లారని నువ్వే అన్నావు.

బ్యాంకు బ్రాంచీల్లో అలారాలు మార్చే పని మీద పడ్డాం, ఆదివారాలు కూడా లేవు. కానీ నువ్వు నొక్కే ప్రతి మీటా, తెరుచుకునే ప్రతి తలుపూ నా ఫోనుకి తెలుస్తాయి. నేను ఇక్కడున్నా అక్కడున్నట్టే. నిశ్చింతగా ఉండు.

తమ్ముడు
భాస్కరం

*

ధవళేశ్వరం,
2 ఆగస్టు 2024

భాస్కరానికి,

నువ్వు చెప్పినట్టే 'స్టే' నొక్కుతున్నాను. మోత తగ్గింది. ఉషారాణి తన దండాలు నీకు రాయమంది.

చిట్టియ్యకి చెప్పాను. గుమ్మంలో నిలబడి విన్నాడు. ముప్ఫై ఏళ్లు ఆయన కింద లస్కరుగా లాకు గేట్లు ఎత్తి దించిన మనిషి. చేతిలో జామకాయల సంచి నాకిచ్చి, "ఆయ్, అలాగేనండి" అని వెళ్లిపోయాడు. ఆ రోజంతా నాకు బాగోలేదు.

మీ బావగారు ఇప్పుడు నన్ను రైతు అనుకుంటున్నారు. మధ్యాహ్నం అన్నం పెడితే, "మీది ఏ పంటకాలువ చానలమ్మా? చివరి పొలాలకి నీళ్లందట్లేదా? అర్జీ రాసి ఇవ్వండి, చూద్దాం" అన్నారు. అలాగేనండి, ముందు మీరు తినండి అన్నాను. ఎంత మర్యాదగా మాట్లాడతారో! పెళ్లయిన నలభై ఏళ్లలో నన్ను 'అండి' అనలేదు ఎప్పుడూ. మొదటి రోజు నవ్వొచ్చింది. రోజుకి పదిసార్లు అర్జీ అడిగితే నవ్వు రాదు. ఒకసారి నిజంగానే రాసిచ్చాను, సంతకం పెట్టి జేబులో పెట్టుకున్నారు.

పొద్దున్న అయిదింటి నుంచి ఆయన వెనకే తిరుగుతాను. పంపు తిప్పుతారు, పొయ్యి తిప్పుతారు, చేతికి అందిన ప్రతిదీ తిప్పుతారు. కాళ్లు లాగుతున్నాయి. ఇది ఫిర్యాదు కాదు. వీలుంటే ఒక రోజు వచ్చి వెళ్లు.

అక్క

*

విశాఖపట్నం,
30 ఆగస్టు 2024

అక్కయ్యకి,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. శ్రీకాకుళం వైపు బ్రాంచీల్లో ఉన్నాను. మా చిన్నదానికి జ్వరం వచ్చి తగ్గింది.

బావగారు నిన్ను రైతు అనుకుంటున్నారని చదివి ప్రసన్న కళ్లు తుడుచుకుంది. వస్తానక్కా, ఈ కాంట్రాక్టు కానీ.

ఒక సంగతి కనిపెట్టాను. పదిహేను రోజులుగా మధ్యాహ్నం రెండూ అయిదుకి పెరటి తలుపు బైపాస్‌లోకి పోతోంది. మూడింటికి పది నిమిషాలుందనగా మళ్లీ కలుస్తోంది. రోజూ ఒకే టైము! వానలకి తలుపు ఉబ్బి అయస్కాంతం ముక్క పక్కకి జరిగి ఉంటుంది, తలుపు మూసినా తీసినట్టే చూపిస్తుంటే నువ్వు విసిగి తప్పిస్తున్నావనుకుంటా. మా మెకానిక్ గణేష్‌బాబు వచ్చే వారం రావులపాలెం వస్తున్నాడు. మీ ఇంటికీ వచ్చి చూస్తాడు. మంచివాడు, నెమ్మదస్తుడు. బావగారికి ముందే చెప్పు.

భాస్కరం

*

ధవళేశ్వరం,
12 సెప్టెంబరు 2024

భాస్కరానికి,

గణేష్‌బాబు వచ్చాడు. తలుపు పదిసార్లు తీసి మూసి చూశాడు. "అంతా బానే ఉందండి, అయినా మార్చేస్తాను" అని కొత్త ముక్క బిగించాడు. రావులపాలెం నుంచి అరటిపళ్లు తెచ్చాడు, చక్కెరకేళీ. మీ బావగారు ఇష్టంగా తిన్నారు. అతన్ని ఇంజనీరుగారు అనుకుని లేచి నిలబడ్డారు పాపం. అతను కూర్చోమని ఎంత చెప్పినా కూర్చోలేదు.

ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏ తలుపు తీశారో నీకు నిమిషాలతో సహా తెలుస్తుందని ఇన్నాళ్లూ నాకు సరిగా తట్టలేదు. దొంగల కోసం పెట్టేది కదా ఇది.

నా ఆరోగ్యం బాగానే ఉంది. తలుపు గురించి నువ్వు ఆలోచించకు.

అక్క

*

విశాఖపట్నం,
27 సెప్టెంబరు 2024

అక్కయ్యకి,

కొంచెం కష్టంగానే రాస్తున్నాను. తలుపులో తప్పు లేదు. గణేష్‌బాబు వచ్చి వెళ్లాక కూడా రోజూ అదే టైముకి అదే జరుగుతోంది. అంటే నువ్వే చేస్తున్నావు. పైగా ఆ టైములో 'స్టే' కాదు, 'అవే' ఉంటోంది. ముందువైపు అంతా కాపలా పెట్టి, వెనక తలుపు ఒక్కటీ వదిలేస్తున్నావు.

నాకు ఒకటే తోస్తోంది. చిట్టియ్య వెనకవైపు నుంచి వస్తున్నాడు. బావగారూ అతనూ పెరట్లో కూర్చుంటున్నారు. నువ్వు మొహమాటానికి కాదనలేక నా దగ్గర దాస్తున్నావు. అతను చెడ్డవాడని నేననను. కానీ లాకుల మాట వింటే బావగారి కాలు నిలవదు. ఆ పెరటి గోడ ఎంతుందో నీకు తెలుసు. అవతల వంద గజాల్లో కాలువ. ఈ రోజుల్లో నీళ్లు నిండుగా పారుతుంటాయి. ఏదైనా అయితే జన్మంతా ఏడవాల్సింది నువ్వే.

అందుకని ఇక్కడి నుంచే బైపాస్ తీసేశాను. ఇకమీద రెండో జోను తప్పించడం కుదరదు. నువ్వు కోప్పడినా పర్వాలేదు. పెద్దదానివి, నీకు చెప్పేటంతవాణ్ని కాను, కానీ చెప్పక తప్పట్లేదు.

భాస్కరం

*

ధవళేశ్వరం,
17 అక్టోబరు 2024

భాస్కరం,

మొన్న సోమవారం మధ్యాహ్నం మీ బావగారు ఇంట్లోంచి వెళ్లిపోయారు. దొరికారు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. ఇది ముందే రాస్తున్నాను, మిగతాది నువ్వు నిదానంగా చదవాలని. నీకు చెప్పొద్దని ఉషారాణితో అన్నాను, నేనే రాయాలని.

చిట్టియ్య కోసం నేను తలుపు తియ్యలేదు. నువ్వు వద్దన్నాక అతను మా గుమ్మం ఎక్కలేదు. ఆ తలుపు నాకోసం తీసుకున్నాను.

అన్నం తిన్నాక ఆయన రెండింటికి పడుకుంటారు, గంటసేపు కదలరు. అప్పుడు నేను 'అవే' నొక్కి, పెరటి తలుపు తప్పించి, బయటికొచ్చి గొళ్లెం పెట్టేదాన్ని. ఆయన లేచి హాల్లోకొస్తే మోగుతుంది, ఉషారాణికి వినపడుతుంది. మందుల షాపుకి వెళ్తున్నాను, మోగితే చూడమని ఆవిడతో అనేదాన్ని. అంత ఆలోచించే చేశాను. నువ్వు నేర్పిన మీటలే.

మందుల షాపుకి కాదు, బస్టాపుకి. అక్కడ సిమెంటు బెంచీ మీద కూర్చునేదాన్ని. అంతే. రాజమండ్రి బస్సు ఆగితే కండక్టరు ఎక్కుతారా అన్నట్టు చెయ్యి ఊపుతాడు, నేను కాదని తల ఊపుతాను. నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఎవరి వెనకా పరిగెత్తక్కర్లేదు. నలభై నిమిషాలు కూర్చుని ఇంటికొస్తే, పొద్దుపోయే దాకా మళ్లీ ఓపికుండేది.

నీ ఉత్తరం వచ్చిన రోజు బైపాస్ నొక్కాను. పనిచెయ్యలేదు. జవాబు రాయాలనుకున్నాను, చెయ్యి రాలేదు. తమ్ముడికి సంజాయిషీ ఏమిటనిపించింది. రెండు వారాలు ఇంట్లోనే ఉన్నాను.

సోమవారం పొద్దున్న నుంచి ఆయన, "దేవకుమారి ఎప్పుడొస్తుందండీ?" అని అడుగుతూనే ఉన్నారు. నేనేనండీ అన్నాను. నా మొహంలోకి చూసి, "కాదులెండి, ఆవిడ సన్నగా ఉంటుంది. పుట్టింటికి వెళ్లింది, తమ్ముణ్ని తీసుకొస్తుంది" అన్నారు. పోనీ అలాగే అని ఊరుకుంటే, ఇంకా రాలేదేమని కోపం. అన్నం కంచం తోసేశారు. నేల తుడిచాను. ఆయన పడుకున్నాక అలారం మొత్తం ఆపేశాను. వీధి తలుపు తీసుకుని బయటికొచ్చి గొళ్లెం పెట్టాను. పెరటి తలుపుకి బయట గొళ్లెం పెట్టలేదని, లోపలి గడియ ఆయన తీసుకోగలరని నాకు గుర్తు రాలేదు.

ఆ రోజు కండక్టరు చెయ్యి ఊపితే బస్సెక్కేశాను.

ఎందుకు ఎక్కానో నాకు తెలీదు. కిటికీ పక్కన కూర్చున్నాను. గాలి తగిలింది. రాజమండ్రిలో దిగి, ఇంకో బస్సెక్కి, పేరు తెలియని ఊరికి పోతే బావుణ్ననుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నీకు అబద్ధం రాసి రాసి అలిసిపోయాను. రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో అందరూ దిగారు. నేను దిగలేదు. అదే బస్సులో తిరిగొచ్చాను.

మా వీధి మలుపులో ఉషారాణి ఎదురొచ్చింది. ఆవిడ నోరు కదులుతోంది, నాకు మాట అందట్లేదు. 'లేరు' అన్న ఒక్కటే పెదాల మీద కనిపించింది.

లాకుల దగ్గరికి ఎలా పరిగెత్తానో తెలీదు. దారిలోనే ఎదురయ్యారు ఇద్దరూ. చిట్టియ్య ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. నా చెవి దగ్గరికొచ్చి గట్టిగా చెప్పాడు: "నేనటుగా వెళ్తుంటే అయ్యగారు లాకు గేటు మీదకెక్కేసి చక్రం పట్టుకున్నారండి. దిగమంటే దిగరు. కింద సుడి తిరుగుతోంది. గట్టిగా అంటే జారిపోతారని భయమేసిందండి. అప్పుడు ఏవన్నానంటే, డ్యూటీ మారిందండి అయ్యగారూ, చార్జి నాకప్పగించి దిగండి అన్నానండి. ఆయ్, వెంటనే దిగిపోయారండి. గేటు ఎంత ఎత్తారో, నీళ్లెంతున్నాయో అన్నీ చెప్పి మరీ దిగారు."

రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను. మీ బావగారు జేబురుమాలు తీసి ఇచ్చి, "మీ చేలకి రేపు వదులుతామమ్మా, ఊరుకోండి" అన్నారు.

చిట్టియ్య లేకపోతే ఏమయ్యేదో నువ్వూ ఆలోచించు, నేనూ ఆలోచిస్తాను. తప్పు నాదే. ఆయన్ని వదిలి వెళ్లింది నేను. కానీ ఒక్క మాట అడుగుతాను. నేను నలభై నిమిషాలు ఎక్కడికి వెళ్తున్నానని నువ్వు నిమిషాలతో సహా లెక్క చూశావు. నువ్వు నాలుగు నెలలుగా ఎందుకు రావట్లేదని నేను ఒక్కసారైనా అడిగానా? దానికి ముందు రెండేళ్లు ఎందుకు రాలేదని అడిగానా?

అక్క

*

విశాఖపట్నం,
22 అక్టోబరు 2024

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. సోమవారం నువ్వు అలారం ఆపినట్టు నా ఫోనుకి వచ్చింది. ఆ టైములో నేను ఒక బ్యాంకు స్ట్రాంగ్‌రూములో ఉన్నాను, ఫోను బయట అప్పగించి వెళ్లాలి. సాయంత్రం చూశాను. మామూలేలే అనుకున్నాను. అక్కడున్నట్టే అని రాసినవాణ్ని.

పనుల వల్ల రాలేదని చెప్పాను. అది నిజం కాదు. జూన్‌లో నేను నిచ్చెన మీద నిలబడి హాల్లో సెన్సరు బిగిస్తుంటే బావగారు వచ్చి, "ఏ ఊరు బాబూ మీది? చాలాసేపట్నుంచి కష్టపడుతున్నారు, భోంచేసి వెళ్లండి" అన్నారు. నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. సైకిలు ముందు కడ్డీ మీద తువ్వాలు మడిచి వేసి, నన్ను దానిమీద కూర్చోబెట్టుకుని మీ ఇంటికి తీసుకొచ్చిన మనిషి ఆయన. నా పేరు ఎక్కడ రాయాల్సొచ్చినా పక్కన ఆయనే సంతకం పెట్టారు. మిగిలిన స్క్రూలు బిగించి నిచ్చెన దిగాను. భోజనం దగ్గర కూర్చుంటే ఏడుస్తానని వెళ్లిపోయాను. తరవాత మళ్లీ ఆ మాట వినాల్సొస్తుందని రాలేదు. దానికి ముందు రెండేళ్లు కూడా ఆ భయమే. నువ్వు ఆ మాట రోజూ వింటున్నావని నాకు తట్టలేదు.

బైపాస్ తిరిగి ఇచ్చేశాను. తప్పు నీది కాదు. నువ్వు జాగ్రత్తగా కట్టుకున్నదాన్ని నేను ఇక్కడ కూర్చుని తెంపేశాను.

శుక్రవారం బయల్దేరి వస్తున్నాను. ఎనిమిది రోజులుంటాను. ఈ ఉత్తరం కన్నా నేనే ముందు చేరతానేమో.

నీ
భాస్కరం

*

ధవళేశ్వరం,
8 డిసెంబరు 2024

భాస్కరానికి,

నువ్వు అనుకున్నట్టే నీ ఉత్తరం నీ తరవాత రెండు రోజులకి వచ్చింది. నువ్వు పెరట్లో గోడకి కంచె కట్టిస్తుండగా చదివి, బీరువాలో పెట్టాను.

ఆ ఎనిమిది రోజుల గురించి మనం మాట్లాడుకోలేదు. మాట్లాడుకునేంత తీరిక ఆయన ఇవ్వలేదు. మూడో రోజు స్నానం చేయిస్తుంటే ఆయన నీ మీద చెయ్యి చేసుకున్నారు. నువ్వు వెళ్లి పెరట్లో నిలబడ్డావు. నేను వెనకాల రాలేదు. వస్తే ఇద్దరం ఏడ్చేవాళ్లం, నీళ్లు చల్లారిపోయేవి. కాసేపటికి నువ్వే లోపలికొచ్చి తువ్వాలు అందుకున్నావు. నాకు అది చాలు.

కంచె వచ్చాక పెరటి తలుపుని కాపలాలోంచి పూర్తిగా తీసెయ్యడం మంచి పని. ఆయన తోచినప్పుడల్లా పెరట్లోకెళ్లి బాదం చెట్టు కింద తిరుగుతున్నారు. తలుపు దగ్గర నన్ను తోసుకోవడం తగ్గింది. వీధి గేటు మాత్రం రోజూ 'స్టే'లోనే ఉంచుతున్నాను.

నువ్వు స్వయంగా ఇంటికెళ్లి పిలిచావని చిట్టియ్య అందరికీ చెప్పుకుంటున్నాడు. రెండింటికల్లా వస్తాడు. లాకుల మాటలు మాట్లాడతాడు. నువ్వు భయపడినట్టు కాదు, ఆ మాటలయ్యాక మీ బావగారు నెమ్మదిస్తున్నారు. చేతుల్తో గేట్లు ఎత్తుతారు, దించుతారు, అలిసిపోయి కూర్చుంటారు. ఆయన మాటలు తగ్గిపోతున్నాయి. కార్తీకం వెళ్లాక నా పేరు ఒక్కసారి కూడా అడగలేదు. డాక్టరుగారు ఇంకా తగ్గుతాయన్నారు. పోయిన నెల రెండుసార్లు నువ్వు వచ్చినప్పుడూ నువ్వెవరో తెలియలేదు, అయినా తన కంచంలో అప్పడం నీకు తీసి వేశారు. చూశావా? నేను చూశాను.

నాకు ఓపిక పెరిగిందని అబద్ధం చెప్పను. పొద్దున్నే లేవాలంటే ఇప్పటికీ ఒళ్లు బరువుగా ఉంటుంది.

నిన్న చిట్టియ్య వచ్చాక బయటికి వెళ్దామని చీర మార్చుకున్నాను. సంచి తీసుకున్నాను, చెప్పులు వేసుకోబోతూ ఒక్క నిమిషం మంచం మీద నడుం వాల్చాను. లేచేసరికి నాలుగున్నర. కట్టుకున్న చీర ముద్దగా నలిగిపోయింది, సంచి నా చేతిలోనే ఉంది. కంగారుగా హాల్లోకెళ్లాను. ఇద్దరూ కుర్చీల్లో కూర్చుని గ్లాసులతో టీ తాగుతున్నారు. వంటింట్లో వెతుక్కుని చిట్టియ్యే కాచాడట. నాకూ ఒక గ్లాసు మూతపెట్టి ఉంచారు.

నన్నెవరూ లేపలేదు భాస్కరం. చల్లారిన టీ నిలబడే తాగేశాను.

అక్క
దేవకుమారి